వైరస్ చుట్టరికం తెలిసింది, వచ్చిన దారి మాటేమిటి?

2005 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో, ఒక క్వారంటైన్ కేంద్రంలో చిలుక చనిపోయింది. దక్షిణ అమెరికాలోని సురినామ్ నుంచి దిగుమతి చేసుకున్న పక్షి అది. పరీక్షిస్తే హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ అని వచ్చింది. అప్పటికి దక్షిణ అమెరికాలో ఆ వైరస్ ఊసే లేదు. మరి సురినామ్ చిలుకకు ఎక్కడ అంటుకున్నట్టు?

అదే కేంద్రంలో తైవాన్ నుంచి వచ్చిన మెసియాలనే చిన్న పాటపిట్టలు కూడా ఉన్నాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి చనిపోతూనే ఉన్నాయి. లోతుగా విచారిస్తే అసలు సంగతి బయటపడింది. వైరస్ దొరికిన నమూనా చిలుకది ఒక్కదానిదే కాదు. చిలుక కణజాలాన్నీ మెసియా కణజాలాన్నీ ఒకే గొట్టంలో కలిపి పరీక్షించారు. ఆ వైరస్ చిలుకది కాకపోవచ్చు, మెసియాదే అయ్యుండే అవకాశం ఎక్కువ అని విచారణ నివేదిక చెప్పింది.

ఇక్కడ ల్యాబ్ పరీక్ష తప్పలేదు. వైరస్ నిజంగానే ఉంది. దాని జన్యుక్రమం కూడా సరిగ్గానే వచ్చింది, చైనా బాతుల్లో అదే ఏడాది దొరికిన వైరస్‌కు దగ్గరగా ఉందని కూడా తేలింది. తేడా వచ్చింది గొట్టం మీది చీటీ దగ్గర. ఏ పక్షిది, ఏ సరుకులోది, ఏ తేదీన తీశారు అన్న చిన్న వివరం తారుమారైతే, ఖరీదైన జన్యు విశ్లేషణ మొత్తం తప్పు ఖండం వైపు వేలు చూపిస్తుంది. ఆ ఏడాదే ఐరోపా సమాఖ్య అడవి పక్షుల దిగుమతిని తాత్కాలికంగా ఆపింది. 2007లో దాన్ని శాశ్వతం చేసింది.

అవి పంజరం పక్షులు. ఫారం కోళ్ల వ్యాపారం వేరు, సంఖ్యలు వేరు, డబ్బు వేరు. కానీ దిగుమతి అయిన మందలో రోగం బయటపడినప్పుడు ఎదురయ్యే చిక్కు మాత్రం ఇదే. పరీక్ష ఒక ప్రశ్నకు జవాబిస్తుంది. దాన్ని చదివేవాళ్లు వేరే ప్రశ్నకు జవాబనుకుంటారు. నెగెటివ్ వస్తే రోగం లేదనుకుంటారు. జన్యుక్రమం కలిస్తే అక్కడి నుంచే వచ్చిందనుకుంటారు. ఈ రెండూ అన్నివేళలా నిజం కావు.

దిగుమతి అయ్యేది కోడి కాదు

దిగుమతి మంద అనగానే పెద్ద కోళ్లు నిండిన బోనులు కళ్ల ముందు మెదులుతాయి. నిజానికి దేశాల మధ్య ఎక్కువగా తిరిగేవి ఒకరోజు పిల్లలు, పొదిగే గుడ్లు. ఎందుకంటే బ్రాయిలర్, లేయర్ జాతుల మూల వంశాలు ప్రపంచంలో కొద్ది కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. అక్కడి నుంచి గ్రాండ్ పేరెంట్ పిల్లలు విమానాల్లో వెళ్తాయి. వాటికి పేరెంట్ కోళ్లు, వాటికి మార్కెట్ కోళ్లు పుడతాయి. ఒక్క గ్రాండ్ పేరెంట్ పెట్ట నుంచి రెండు తరాల్లో వేలల్లో మాంసపు కోళ్లు వస్తాయి. కాబట్టి పైనున్న పిల్లలో వైరస్ దాగి ఉంటే, కింద ఎన్ని షెడ్లకు పాకుతుందో లెక్క వేసుకోవచ్చు.

అయితే అన్ని వైరస్‌లూ ఈ దారిలో రావు. అందరూ భయపడే బర్డ్‌ఫ్లూ, కొక్కెర తెగులు అనే న్యూకాజిల్ వ్యాధి గుడ్డు లోపలి నుంచి రావడం అరుదు. ఆ రోగాలు తగిలిన పెట్ట గుడ్లు పెట్టడమే మానేస్తుంది, ఒకవేళ పెట్టినా లోపలి పిండం సాధారణంగా బతకదు. పెంకు మీద అంటిన రెట్టతో రావచ్చు, అట్టపెట్టెతో రావచ్చు, కానీ అది వేరే సంగతి. గుడ్డు లోపలే కూర్చుని ప్రయాణం చేసేవి వేరే ఉన్నాయి. పేరు పెద్దగా వినపడని ఆ వైరస్‌లే దిగుమతి వ్యాపారాన్ని ఎక్కువగా దెబ్బతీశాయి.

వాటిలో ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ కథ తప్పక తెలుసుకోవాలి. 1976లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట వర్ణించారు. అందుకే దీన్ని ఈడీఎస్-76 అంటారు. కోళ్లు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాయి, మేత తింటాయి. కానీ సరిగ్గా గుడ్ల ఉత్పత్తి పతాక స్థాయికి చేరే సమయంలో పెంకు రంగు పాలిపోతుంది, పెంకు పల్చబడుతుంది, కొన్ని గుడ్లు పెంకే లేకుండా తోలుసంచిలా పడతాయి. దిగుబడి పడిపోతుంది. ఇది నిజానికి బాతుల అడినోవైరస్. బాతు పిండ కణాల్లో పెంచిన, మారెక్స్ అనే కోళ్ల జబ్బుకు వేసే వ్యాక్సిన్ ద్వారా కోళ్లలోకి వచ్చి ఉంటుందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ.

దీని అసలు జిత్తులు వేరే ఉన్నాయి. తల్లి నుంచి గుడ్డులోకి వచ్చిన వైరస్ పిల్లలో నిద్రపోతుంది. చాలా పిల్లల్లో యాంటీబాడీలు కూడా పుట్టవు. మూడు వారాలు క్వారంటైన్‌లో పెట్టి రక్తం తీసి పరీక్షిస్తే నెగెటివ్. ఆరు వారాలకు తీసినా అంతే. కోడి గుడ్డు పెట్టే వయసుకు వచ్చి, ఒంట్లో హార్మోన్లు మారాకే వైరస్ లేస్తుంది. అప్పటికి దిగుమతి కాగితాలన్నీ ఫైల్లో కట్టేసి నెలలు గడిచిపోయి ఉంటాయి. ఇలాంటి వైరస్‌కు సరిహద్దులో పెట్టే క్వారంటైన్ ఎన్ని రోజులున్నా ఒకటే. అది చివరికి అదుపులోకి వచ్చింది సరిహద్దు పరీక్షలతో కాదు, మూల బ్రీడర్ మందల్లోనే దాన్ని ఏరిపారేయడంతో.

కోళ్లలో క్యాన్సర్ గడ్డలు పుట్టించే ఏవియన్ ల్యుకోసిస్ వైరస్ జె ఉపరకం ఇంకో మెట్టు పైనే ఉంటుంది. 1980ల చివర బ్రిటన్‌లో మాంసపు కోళ్ల బ్రీడర్ మందల్లో బయటపడ్డ ఈ వైరస్, బ్రీడింగ్ కోళ్ల వ్యాపారంతో పాటు 1990లలో ప్రపంచమంతా తిరిగింది. గుడ్డులోనే సోకిన పిల్ల ఒంటికి ఆ వైరస్ పరాయిదని తెలియదు. దాన్ని తనదే అనుకుంటుంది, ఎదురు తిరగదు. అంటే రక్తం నిండా వైరస్ ఉంటుంది, యాంటీబాడీ మాత్రం ఉండదు. ఎలైసా యాంటీబాడీ పరీక్షలో అన్నిటికంటే శుభ్రంగా కనిపించే పిల్లే అన్నిటికంటే ప్రమాదకరమైనది. గడ్డలు కనిపించేది నెలల తర్వాత.

మరి వైరస్ ప్రొటీన్‌నే నేరుగా వెతికితే? అందుకు పీ27 అనే ప్రొటీన్‌ను పట్టే పరీక్ష ఉంది, గుడ్డు తెల్లసొనలో కూడా చేయొచ్చు. కానీ కోడి సొంత జన్యువులోనే ఎప్పటివో పాత రెట్రోవైరస్ ముక్కలు అతుక్కుని ఉన్నాయి. హాని చేయని ఆ ముక్కలు కూడా ఒక్కోసారి అదే ప్రొటీన్‌ను తయారుచేసి పరీక్షను తప్పుదోవ పట్టిస్తాయి. జె ఉపరకం తొడుగు ప్రొటీన్ జన్యువు కూడా కోడి జన్యువులోని అలాంటి పాత ముక్కతో దగ్గరి చుట్టరికం ఉన్నదే. పరాయి వైరస్, కోడి సొంత సరుకు కలగలిసి పుట్టినదాన్ని పట్టుకోవాలంటే ఎంత జాగ్రత్త కావాలో ఇక చెప్పక్కర్లేదు.

నెగెటివ్ అంటే ఎంత నెగెటివ్

క్వారంటైన్ గడువులు వ్యాధి పొదుగుకాలం మీద, అంటే సోకినప్పటి నుంచి బయటపడే దాకా పట్టే సమయం మీద ఆధారపడతాయి. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నియమావళి కొక్కెర తెగులుకు 21 రోజులు, బర్డ్‌ఫ్లూకు 14 రోజులు లెక్కిస్తుంది. ఈ రెండింటికీ మూడు, నాలుగు వారాల క్వారంటైన్ బాగానే సరిపోతుంది. సమస్య ఎన్ని రోజులన్నది కాదు, ఎన్ని పిల్లలను పరీక్షించారన్నది.

పదివేల పిల్లలు వచ్చాయనుకుందాం. అన్నిటినీ పరీక్షించడం కుదరదు. అందులో 5 శాతానికి సోకి ఉంటే, 95 శాతం నమ్మకంతో కనీసం ఒక్కదాన్నైనా పట్టాలంటే యాదృచ్ఛికంగా తీసిన 59 నమూనాలు కావాలి. సోకింది 1 శాతానికే అయితే 299 కావాలి. 59 తీసి ఊరుకుంటే, 1 శాతం సోకిన మందను పట్టే అవకాశం 45 శాతమే. నాణెం ఎగరేసినా అంతకంటే మేలే. ఇదంతా పరీక్ష ఎప్పుడూ తప్పు చెప్పదని అనుకుని వేసిన లెక్క. ఏ పరీక్షా అలా ఉండదు కాబట్టి నిజంగా కావాల్సినవి ఇంకా ఎక్కువ. ‘అన్ని నమూనాలూ నెగెటివ్’ అని రాసిన సర్టిఫికెట్‌లో ఎన్ని నమూనాలో, ఎంత శాతం సోకితే పట్టగలదని లెక్కవేశారో లేకపోతే, ఆ మాటకు పెద్ద విలువ లేదు.

అందుకే అనుభవమున్న పశువైద్యులు యాదృచ్ఛిక నమూనాల కంటే చచ్చిన పిల్లలు, కుంగి కూర్చున్న పిల్లలు, పెట్టె అడుగున పరిచిన రెట్ట అంటిన కాగితం, పొదిగినా పగలని గుడ్లు వీటినే ముందు అడుగుతారు. రోగం ఉంటే మొదట కనపడేది అక్కడే. ఇంకో పాత పద్ధతి కూడా ఉంది. ఏ రోగకారకమూ, ఏ టీకా యాంటీబాడీ లేకుండా పెంచిన శుభ్రమైన కోళ్లను దిగుమతి మంద మధ్యలో వదిలి, కొన్ని వారాల తర్వాత వాటి రక్తం చూడటం. వాటిలో యాంటీబాడీ కనిపిస్తే మందలో ఏదో తిరుగుతున్నట్టే. నెమ్మదిగా జరిగే పనే అయినా, పిల్లల్లో తల్లి ఇచ్చిన యాంటీబాడీల గందరగోళం దీనికి లేదు.

ఆ గందరగోళం చిన్నదేం కాదు. టీకా వేసిన తల్లి తన యాంటీబాడీలను పచ్చసొన ద్వారా పిల్లకు ఇస్తుంది. ఒకరోజు పిల్ల రక్తం పరీక్షిస్తే కొక్కెర తెగులు యాంటీబాడీ పుష్కలంగా కనపడుతుంది. అది తల్లి టీకా చరిత్ర, పిల్ల రోగ చరిత్ర కాదు. సుమారు నాలుగున్నర రోజులకోసారి ఆ యాంటీబాడీ సగమవుతూ పోతుంది. మూడు, నాలుగు వారాలకు దాదాపు కరిగిపోతుంది. అప్పుడు మళ్లీ పరీక్షించి, తగ్గిందా పెరిగిందా అని చూస్తేనే అర్థముంటుంది. ఒకే ఒక్క రోజు తీసిన రక్తంతో పిల్లల గురించి చెప్పగలిగింది చాలా తక్కువ.

అందుకే ఇప్పుడు వైరస్‌ను నేరుగా వెతికే పీసీఆర్‌దే పెద్దపీట. గొంతు నుంచి, రెట్ట ద్వారం నుంచి స్వాబ్ తీస్తారు. కోళ్లు, టర్కీల్లో బర్డ్‌ఫ్లూకు గొంతు స్వాబ్ ముఖ్యం. బాతుల్లో రెట్ట ద్వారం స్వాబ్ తప్పకుండా తీస్తారు. చెక్కపుల్ల మీద దూది చుట్టిన స్వాబ్‌లు వాడరు, వాటిలోని పదార్థాలు పీసీఆర్‌కు అడ్డుపడతాయి. పాలిస్టర్ తల ఉన్నవి కావాలి. ఐదేసి స్వాబ్‌లను ఒకే గొట్టంలో కలపడం మామూలే. ఖర్చు తగ్గుతుంది, పెద్ద నష్టం లేదు, ఒకే షెడ్డు, ఒకే జాతి అయినంత వరకు. ఎసెక్స్‌లో జరిగింది ఆ గీత దాటడమే.

బర్డ్‌ఫ్లూకు మొదట మ్యాట్రిక్స్ జన్యువును వెతుకుతారు. ఇన్‌ఫ్లుయెంజా-ఎ వైరస్‌లన్నిటిలో అది పెద్దగా మారదు కాబట్టి ఏ రకమైనా వలలో పడుతుంది. పాజిటివ్ వస్తే అప్పుడు హెచ్5, హెచ్7 పరీక్షలు. ఫలితంతో పాటు సీటీ అనే అంకె వస్తుంది. యంత్రం వైరస్ ముక్కను ఎన్నిసార్లు రెట్టింపు చేశాక అది కనపడిందో చెప్పే అంకె అది. సీటీ 20 వచ్చిన నమూనాలో, సీటీ 35 వచ్చినదానికంటే సుమారు ముప్పై వేల రెట్లు ఎక్కువ వైరస్ పదార్థం ఉన్నట్టు లెక్క. పాజిటివ్ అన్న ఒక్కమాటలో ఈ తేడా అంతా కొట్టుకుపోతుంది. సీటీ 36 వచ్చిన ఒకరోజు పిల్ల రోగంతో ఉండొచ్చు, పెట్టె దుమ్ము అంటి ఉండొచ్చు, హ్యాచరీలో కొట్టిన లైవ్ వ్యాక్సిన్ (బలహీనపరచిన బతికున్న వైరస్) కావచ్చు, ల్యాబ్‌లో పక్క గొట్టం నుంచి చిందిన చుక్క కూడా కావచ్చు.

లైవ్ వ్యాక్సిన్ సంగతి తేల్చేది జన్యుక్రమమే. కొక్కెర తెగులు వైరస్ ఫ్యూజన్ ప్రొటీన్‌లో ఒక చిన్న మలుపు ఉంది. కోడి ఒంట్లోని ఎంజైములు ఆ ప్రొటీన్‌ను అక్కడ కోస్తేనే వైరస్ కణంలోకి చొరబడగలదు. లాసోటా లాంటి టీకా రకాల్లో ఆ చోటును శ్వాసనాళం, పేగుల్లోని కొన్ని ఎంజైములే కోయగలవు. ప్రాణాంతక రకాల్లో అక్కడ క్షార స్వభావమున్న అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి, ఒంట్లో ఏ అవయవంలోనైనా కోత పడుతుంది, వైరస్ ఒళ్లంతా పాకుతుంది. బర్డ్‌ఫ్లూలో హెచ్5, హెచ్7 రకాలదీ ఇదే తీరు. జన్యుక్రమంలో ఆ చోటికి సంబంధించిన కొద్దిపాటి అక్షరాలు చదివితే చాలు, టీకానా తెగులా అన్నది చాలావరకు ఒక రోజులో తెలిసిపోతుంది. ఒకప్పుడు దీనికి వైరస్‌ను 9 నుంచి 11 రోజుల పిండమున్న గుడ్లలో పెంచి, పిల్లల మెదడులోకి ఎక్కించి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టేవారు. నియమావళిలో ఆ కొలత ఇంకా ఉంది, 0.7 లేదా అంతకు మించితే అది ప్రకటించి తీరాల్సిన వ్యాధి.

ఐదు అక్షరాల తేడా

వైరస్ దొరికాక అసలు పంచాయితీ మొదలవుతుంది: ఎక్కడి నుంచి వచ్చింది?

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ జన్యువు ఎనిమిది ముక్కలుగా, మొత్తం సుమారు 13,500 అక్షరాలుగా ఉంటుంది. ప్రతి ముక్క రెండు కొసల్లోనూ 12, 13 అక్షరాలు దాదాపు మారకుండా ఉంటాయి. వాటిని పిడిలా పట్టుకుని ఎనిమిది ముక్కలనూ ఒకేసారి పెంచి చదవొచ్చు. అరచేతిలో పట్టే యంత్రాలతో ఇప్పుడు ఇది ఒకటి రెండు రోజుల పని. సీటీ 30 దాటిన నమూనాల్లో మాత్రం పూర్తి క్రమం రాబట్టడం కష్టమవుతుంది.

ఈ వైరస్ తనను తాను నకలు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తూ పోతుంది. ఉజ్జాయింపుగా జన్యువు మొత్తంలో వారానికి ఒక అక్షరం మారుతుందనుకోవచ్చు. ఆ తప్పులే గడియారంలా పనికొస్తాయి.

2007 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో హోల్టన్ దగ్గర ఒక టర్కీ ఫారంలో హెచ్5ఎన్1 బయటపడింది. సుమారు 1,60,000 టర్కీలను చంపాల్సి వచ్చింది. కొద్ది రోజుల ముందు, జనవరిలో హంగరీలోని చోంగ్రాడ్ ప్రాంతంలో బాతుజాతి పెద్ద పక్షులైన గీస్ మందల్లో ఇదే వైరస్ వచ్చింది. రెండింటి జన్యుక్రమాలు 99.96 శాతం కలిశాయి. అంటే 13,500 అక్షరాల్లో ఐదారు తేడాలు. వారానికి ఒక మార్పు చొప్పున, రెండు శాఖల్లోనూ మార్పులు జరుగుతాయి కాబట్టి, వాటి ఉమ్మడి పూర్వీకుడు రెండు మూడు వారాల వెనక ఉన్నట్టు లెక్క. చలికాలంలో అడవి పక్షులు తెచ్చాయనడానికి ఇది మరీ దగ్గర చుట్టరికం. ఫారం పక్కనే మాంసం ప్రాసెసింగ్ ప్లాంటు ఉంది. అక్కడికి హంగరీ నుంచి టర్కీ మాంసం వస్తుండేది. దిగుమతి అయిన మాంసం ద్వారా వచ్చి ఉండటమే అన్నిటికంటే నమ్మదగిన వివరణ అని అధికారిక విచారణ తేల్చింది. బయట పడేసిన మాంసం ముక్కలను గల్ అనే సముద్రపు పక్షులు ఎత్తుకెళ్లి షెడ్ల దగ్గర పడేయడం లాంటి మార్గాలనూ పరిశీలించింది.

ఈ కేసును జన్యుశాస్త్రం గెలుపుగా చెప్పుకుంటారు. నిజమే, కానీ సగమే. జన్యుక్రమం చెప్పింది ‘హంగరీ వైరస్‌కు బాగా దగ్గర’ అని. మాంసం లారీ రికార్డులు లేకపోతే ఆ దగ్గరితనానికి దారి దొరికేది కాదు. రికార్డులు మాత్రమే ఉండి జన్యుక్రమం లేకపోయినా అంతే, అడవి పక్షులే తెచ్చాయన్న వాదన కొట్టేయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇలా దారి చూపే రికార్డులు దొరకని కేసు నైజీరియాది. 2006 ఫిబ్రవరిలో కడూనా రాష్ట్రంలో ఆఫ్రికాలోనే మొదటిసారి హెచ్5ఎన్1 బయటపడింది. ఒకరోజు పిల్లల దిగుమతే కారణమని కొందరు, వలస పక్షులని కొందరు. అదే ఏడాది వచ్చిన జన్యు విశ్లేషణలో మూడు వేర్వేరు వంశాలు కనిపించాయి. అంటే వైరస్ ఒక్కసారి కాదు, మూడుసార్లు విడివిడిగా వచ్చింది. చాలా ముఖ్యమైన సంగతే. కానీ ఆ మూడుసార్లూ పెట్టెల్లో వచ్చిందా, రెక్కల మీద వచ్చిందా అన్నదానికి వంశవృక్షం దగ్గర జవాబు లేదు. పిల్లలో ఉన్నా, వలస బాతులో ఉన్నా వైరస్ అక్షరాలు అవే. అయినా రెండు పక్షాలూ అదే వృక్షాన్ని చూపించి తమదే రైటన్నాయి.

దిగుమతి మీదే నేరం మోపే తొందరకు విరుగుడుగా మరో రెండు ఘటనలు గుర్తుంచుకోవాలి. 2021 డిసెంబరులో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో, సందర్శకుల కోసం పక్షులు పెంచే ఒక ఫారంలో హెచ్5ఎన్1 వచ్చింది. దాని జన్యుక్రమం ఐరోపా వైరస్‌లకు దగ్గర. సముద్రం అవతలి చుట్టరికం చూసి సరుకు రవాణాను అనుమానించడం తేలిక. కానీ దగ్గర్లోనే జబ్బుపడిన అడవి గల్ పక్షిలో కూడా అదే వైరస్ దొరికింది. అట్లాంటిక్ దాటి పక్షులే తెచ్చాయన్న నిర్ధారణకు వచ్చారు.

రెండోది ఆస్ట్రేలియా. 1998లో సిడ్నీ పశ్చిమ శివార్లలో, 1999లో మాంగ్రోవ్ మౌంటెన్ దగ్గర కొక్కెర తెగులు విరుచుకుపడింది. ఆ దేశంలో పక్షుల దిగుమతి నిబంధనలు ప్రపంచంలోనే చాలా కఠినమైనవి. ఎక్కడి నుంచి జొరబడిందని అందరూ బయటికి చూస్తుంటే, జన్యుక్రమం లోపలికి చూపించింది. అక్కడి కోళ్లలో అప్పటికే హాని లేకుండా తిరుగుతున్న స్థానిక వైరసే, ఆ కోత పడే చోట రెండు మార్పులతో ప్రాణాంతకంగా మారింది. సరిహద్దు దాటి ఏదీ రాలేదు.

కొక్కెర తెగులులో గడియారం నెమ్మది అని కూడా చెప్పాలి. దాని జన్యువు 15,200 అక్షరాల లోపే, మారే వేగం ఇన్‌ఫ్లుయెంజా కంటే తక్కువ. మూడు, నాలుగు వారాలకు ఒక అక్షరం మారితే గొప్ప. పక్షం రోజుల తేడాతో రోగం వచ్చిన రెండు ఫారాల్లో జన్యుక్రమాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండొచ్చు. అప్పుడు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో జన్యువు చెప్పలేదు. ల్యాబ్‌కు ముందు ఫిర్యాదు చేసినవాడి దగ్గరే మొదలైందనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. నిజాయితీగా ముందు చెప్పినవాడే దోషిగా మిగిలిపోతాడు.

వృక్షం ఆకారం మాత్రం కొంత సాయం చేస్తుంది. ఒకే హ్యాచరీ నుంచి ఒకే సరుకులో పిల్లలు ఐదు ఫారాలకు వెళ్లి, ఐదింటిలో రోగం వచ్చిందనుకుందాం. రోగం హ్యాచరీలోనే ఉండుంటే ఐదు కొమ్మలూ ఒకే కణుపు నుంచి చేతివేళ్లలా చీలుతాయి. ఒక ఫారం నుంచి మరో ఫారానికి లారీలతో, మనుషులతో పాకి ఉంటే నిచ్చెనలా ఒకదాని మార్పులు తర్వాతిదానిలో చేరుతూ కనపడతాయి. 2015లో అమెరికాలో సుమారు ఐదు కోట్ల పక్షులను పోగొట్టిన హెచ్5ఎన్2 విషయంలో ఇలా చూసే, కొన్ని చోట్లకు వైరస్ బయటి నుంచి విడిగా వచ్చిందని, కొన్ని చోట్ల ఫారం నుంచి ఫారానికి పాకిందని విడదీయగలిగారు. అయితే మధ్యలో ఒక ఫారం నమూనాలు ఇవ్వకపోతే, నిచ్చెనలో మెట్టు లేకపోయినట్టే. అటూ ఇటూ ఉన్న రెండు ఫారాలు నేరుగా ఇచ్చిపుచ్చుకున్నట్టు కనపడతాయి.

దేశాల మధ్య ఇదే లోపం పెద్దదవుతుంది. జన్యుక్రమాల భాండాగారాల్లో, 2008 నుంచి నడుస్తున్న జీఐఎస్ఏఐడీ లాంటి వాటిలో, ఎక్కువ నమూనాలు చదివి పంచుకునే దేశాల వైరస్‌లు కుప్పలుగా ఉంటాయి. చదవని దేశాలవి ఉండవు. కొత్త మందలో దొరికిన వైరస్‌ను అక్కడ వెతికితే దగ్గరి చుట్టంగా కనపడేది సహజంగానే ఎక్కువ డేటా పెట్టిన దేశం. అసలు మూలమైన దేశం డేటాలో లేకపోతే ఆ పేరు ఊసే రాదు. పైగా రోగం ఉందని ప్రకటించిన రోజే కొనేవాళ్లు ఆ దేశపు గుడ్లు, పిల్లలు, మాంసం మీద నిషేధం పెడతారు. అంత నష్టం ఎదురుగా కనపడుతుంటే జన్యుక్రమం వెంటనే బయటపెట్టాలన్న ఉత్సాహం ఎవరికుంటుంది? వాటిని నెలల తర్వాత విడుదల చేస్తే పరిశోధన పత్రానికి పనికొస్తాయి, రోగాన్ని ఆపడానికి కాదు. నిషేధాన్ని దేశమంతటికీ కాకుండా రోగమున్న ప్రాంతానికే పరిమితం చేయాలని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నియమావళి చెప్పేది కొంతవరకు ఇందుకే. దాన్ని పాటించే దేశాలున్నాయి, పాటించని దేశాలూ ఉన్నాయి.

జాడ తీయడానికి ఎక్కువగా పనికొచ్చేవి చాలావరకు చవకైనవే. ఏ పెట్టెలో పిల్లలు ఏ షెడ్డుకు వెళ్లాయి, ఆ గుడ్లు ఏ తల్లి మందవి, ఏ తేదీన పెట్టినవి, హ్యాచరీలో ఏ బ్యాచ్ వ్యాక్సిన్ వాడారు అన్న రాతలు. వచ్చిన రోజు తీసిన స్వాబ్‌లను, నెగెటివ్ వచ్చినా సరే, బాగా గడ్డకట్టించి ఏడాది రెండేళ్లు దాచడం. ఈడీఎస్ లాంటిది ఆరు నెలల తర్వాత లేచినప్పుడు, వెనక్కి వెళ్లి చూడటానికి ఆ గొట్టం తప్ప మరేదీ మిగలదు.

వ్యాక్సిన్ బ్యాచ్ రాసిపెట్టడం ఎందుకో ఆస్ట్రేలియాలోనే మరో కథ చెబుతుంది. కోళ్ల గొంతుకు వచ్చే ఐఎల్‌టీ అనే హెర్పిస్ వైరస్ జబ్బుకు అక్కడ సొంత లైవ్ వ్యాక్సిన్లు రెండు ఉండేవి. 2006లో ఐరోపా నుంచి సెర్వా అనే మరో లైవ్ వ్యాక్సిన్ వచ్చింది. తర్వాత కొన్నేళ్లలో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి అని పేరుపెట్టిన కొత్త రకాలు కోళ్లను చంపడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా వాడుతున్న చిన్నపాటి జన్యు పరీక్ష అవి కొత్తవని చెప్పగలిగింది గానీ ఎవరి సంతానమో చెప్పలేకపోయింది. సుమారు లక్షన్నర అక్షరాల జన్యువును మొదటి నుంచి చివరి దాకా చదివాక 2012లో సైన్స్ పత్రికలో ఫలితం వచ్చింది. కొత్త వైరస్‌లలో కొంత భాగం ఐరోపా వ్యాక్సిన్‌ది, మిగతాది స్థానిక వ్యాక్సిన్లది. విడివిడిగా బలహీనపరచిన టీకా వైరస్‌లు కోళ్లలో కలుసుకుని, ముక్కలు మార్చుకుని, మళ్లీ చంపే శక్తి తెచ్చుకున్నాయి. ఆ మందల్లో విదేశం నుంచి దిగిన కోడి గానీ, దొంగతనంగా వచ్చిన గుడ్డు గానీ లేదు. సరిహద్దు దాటింది అన్ని అనుమతులూ ఉన్న వ్యాక్సిన్ సీసా.